ఒక బీము అతికినంతసేపు

నడుం విరిగిన మనిషిని చూడడానికి వచ్చేవాళ్లు కాళ్ల గురించే అడుగుతారు. ఏమన్నా కదులుతున్నాయా, ముట్టుకుంటే తెలుస్తోందా, నడుస్తాడని డాక్టర్లు అన్నారా. అరటిపళ్లు చేతిలో పెట్టి, కాళ్ల వంక జాలిగా చూసి, చాయ్ తాగి వెళ్లిపోతారు. ఇన్నేళ్లలో నా కడుపు ఎలా ఉందని అడిగినవాళ్లు లేరు. అడగకపోవడమే మర్యాద అనుకుంటారు కాబోలు. కాళ్ల మీద ఆశ నాకు మొదటి ఏడాదిలోనే పోయింది, ఆ సంగతితో ఎలాగో సర్దుకున్నాను. నన్ను గదిలో కట్టిపడేసినవి పేగులు. వాటితో సర్దుకోవడం మాత్రం చాలాకాలం నా వల్ల కాలేదు.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మహారాష్ట్రలోని భివండికి వచ్చి సాంచల మీద పడ్డాడు. సాంచ అంటే మరమగ్గమే, కానీ ఇక్కడి తెలుగువాళ్లం ఎవరమూ మరమగ్గం అనం. మీసాలు రాకముందు నుంచే నేనూ సాంచలు నడిపాను. ఒక వానాకాలం టెంపోలోంచి నిండు బీము దించుతున్నాం. బీము అంటే సాంచ వెనక బిగించే పొడుగాటి ఇనుప ఇరుసు. దాని మీద పడుగు పోగులు వేలకు వేలు చుట్టి ఉంటాయి. ఇద్దరు ముగ్గురు భుజాన వేసుకుంటే తప్ప కదలదు. ముందు పట్టుకున్నవాడి కాలు తడి పలక మీద జారింది. నేను బోర్లా పడ్డాను, బీము నా వీపు మీద పడింది. అంతే సంగతి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఉంటే బాగుండేదని, ఒకడిని తిట్టుకుంటూనైనా బతికేవాడినని చాలాసార్లు అనుకున్నాను.

వెన్నులో నరం నలిగింది. బొడ్డు దాకా ఒళ్లు నాది, అక్కడి నుంచి కింద నాది కాదు. నరం పోతే కాళ్లతోపాటు పేగులూ మాట వినవని ఆసుపత్రిలో నర్సు చెప్పేదాకా నాకు తెలియదు. వచ్చేది వచ్చినట్టు తెలియదు. ఆపుదామంటే ఆగదు. రావాల్సిన రోజు రాదు, పొట్ట రాయిలా బిగుసుకుంటుంది. మర్నాడు ఎవరో పలకరించడానికి వచ్చి కూర్చున్న వేళకు చెప్పాపెట్టకుండా వస్తుంది. ముందు వాసన వచ్చి, తర్వాత విషయం తెలుస్తుంది. నాకంటే ఎదుటివాళ్లకే ముందు తెలుస్తుంది. నడివయసు మగవాడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుందో నాకు తెలియదు.

దీనికి ఒక పద్ధతి ఉంది, నర్సు దాన్ని నా భార్యకు నేర్పింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెనక నుంచి మాత్ర పెట్టాలి. కాసేపాగి, చేతికి తొడుగు వేసుకుని, నూనె రాసిన వేలితో లోపల మెల్లగా తిప్పాలి. అప్పుడు పేగు ముడుచుకుని, లోపల ఉన్నదాన్ని బయటికి తోస్తుంది. ఈ పని రోజూ ఒకే వేళకు చేస్తే పేగు ఆ వేళకు అలవాటు పడుతుందని, మిగతా పొద్దంతా ఊరుకుంటుందని చెప్పింది. కమోడ్ కుర్చీ మీద కూర్చుని నా చేత్తో నేనే చేసుకోవడం కూడా నేర్పబోయారు. నడుంలో పట్టు లేక రెండుసార్లు పక్కకు ఒరిగి పడ్డాను. తుంటి ఎముక కూడా విరిగితే మంచానికే అంకితమవుతావని వాళ్లే వద్దన్నారు. కాబట్టి పని నా భార్య మీద పడింది.

పెళ్లయిన ఇన్నేళ్లకు ఒక మనిషి చేత ఈ పని చేయించుకోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మొదట్లో నేను గోడవైపు తిరిగి కళ్లు మూసుకునేవాడిని. ఆమె మాత్రం చేపలు కడుగుతున్నట్టు మామూలుగా కబుర్లు చెబుతూ చేసేది. పక్కింటి నల్లా సంగతులు, సూరత్‌లో ఉన్న మా కూతురు ఫోనులో చెప్పిన సంగతులు. ఒకసారి నాకు ఒళ్లు మండి, నోరు మూసుకుని చెయ్యమన్నాను.

"నోరు మూసుకుంటె నేను జేసే పని నాకు యాదికొస్తది," అంది. "మాట్లాడనియ్యి."

ఆ తర్వాత నేను ఆమె కబుర్లకు అడ్డు చెప్పలేదు.

నేను పడకముందు ఆమె ఇంట్లోనే కండెలు చుట్టేది. పడ్డాక ఆ సంపాదన చాలక ఊరి పక్కన పూర్ణలోని ఒక గోదాములో పనికి కుదిరింది. సామాన్లు డబ్బాల్లో సర్ది పట్టీ అంటించడం, పొద్దంతా నిలబడి. అక్కడ పాళీ వారానికోసారి మారుతుంది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పగటి వారంలో ఆమె ఇల్లు కదిలే వేళకు, రాత్రి వారంలో ఇంకా ఇల్లు చేరదు కాబట్టి రెండు వారాలకూ కలిసే వేళ లేదు. అందుకని నా పని కూడా ఒక వారం సాయంత్రం, ఒక వారం పొద్దున. ఆమె డ్యూటీ దిగి, కాళ్లు కడుక్కుని, ఇద్దరం చాయ్ తాగి, అప్పుడు. ఇదే మా లెక్కలో ఒకే వేళ. నర్సు చెప్పినట్టే చేస్తున్నామని మేం మనస్ఫూర్తిగా నమ్మాం.

నేను సాంచలు నడిపిన కార్ఖానా వెనకాల చాలీలోనే, అంటే వరస గదుల్లోనే, మా గది. ఆ కార్ఖానా సేటు మా కులంవాడే, ఊరి వరసకు నాకు మామ అవుతాడు. ఒకరోజు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. బీములు అతికే ముసలాయన ఊరికి వెళ్లిపోయాడట.

"నీ చేతులు మంచిగనే ఉన్నయ్ గద అల్లుడా," అన్నాడు. "అతికే పనికి కాళ్లతోని ఏం పని? కూసుండి చేసుడే. కుర్చీ లోపలికి నూకిపిస్త, నువ్వు రా."

సాంచ మీద బీము అయిపోతే పాత పోగుల చివర్లు అలాగే వేలాడుతుంటాయి. కొత్త బీము ఎక్కించి, కొత్త పోగును పాత పోగుకు ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు చివర్లూ కలిపి, బొటనవేలితో ఒక్క మెలిక. అలా బీములో ఎన్ని పోగులుంటే అన్ని మెలికలు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటుతుంది. అన్నాళ్లూ నా ఒంట్లో పనికొచ్చే భాగం ఏదీ మిగల్లేదని అనుకుంటూ ఉన్నవాడికి, చేతులున్నాయి గదా అని ఒకడు వచ్చి అడగడం ఎంత సంతోషమో చెప్పలేను. సేటు వెళ్లాక పాత దారం ఉండ తీసి రాత్రి దాకా మెలికలు వేస్తూ కూర్చున్నాను. నా భార్య పక్కన కూర్చుని లాగి చూస్తూ, ఒక్కటీ ఊడలేదని చెప్పింది.

కార్ఖానాలో మొదటి బీము సగం కూడా అతకలేదు. ముందు వాసన వచ్చింది. నా వెనక సాంచ నడుపుతున్నవాడు ఒకసారి నా వైపు చూసి, తల తిప్పేసుకున్నాడు. సాంచల మోతలో ఎవరూ ఏమీ అడగనక్కరలేదు, నేనేమీ చెప్పనక్కరలేదు. సాంచలు బాగుచేసే మిస్త్రీ ఒక మూట చిందీ, అంటే నూనె తుడుచుకునే పాత గుడ్డ పేలికలు, తెచ్చి నా ఒళ్లో పెట్టి వెళ్లాడు. కుర్చీ బయటికి తోసుకుపోతుంటే నేల మీద గీత పడింది. ఎవరో దాని మీద బూడిద చల్లారు. నేను అతుకుతూ వేళ్లకు అద్దుకున్న బూడిదే.

సాయంత్రం సేటు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "జెర మంచిగైనంక రా అల్లుడా. ఒక బీము మొత్తం కూసునేటట్టు అయితె సాలు. అప్పటిదాక వేరేటోన్ని పిలిపిస్త, నీ జాగ ఎటు పోదు." మంచిగానే అన్నాడు. ఆ మంచితనమే నాకు తట్టుకోలేనంత అయింది. కొన్ని పోగులు నేను, మిగతావి ఇంకెవరో అతికిన ఆ బీము మీద బట్ట నడుస్తుంటే గోడ ఇవతల పడుకుని విన్నాను.

అప్పటి నుంచి ఏడాదిపాటు నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. తిండి తగ్గించాను. లోపలికి పోయేది లేకపోతే బయటికి వచ్చేదీ ఉండదని నా తెలివి. నా భార్య కంచం నా ముందు పెట్టి కదలకుండా కూర్చునేది.

"తినకపోతె రాదనుకుంటున్నవా? లోపల ఎండి గడ్డకడ్తది. మల్ల ఆసుపత్రికి నేనే మొయ్యాలె నిన్ను."

అన్నట్టే గడ్డకట్టింది, మోసింది కూడా.

ఈ మధ్యలో చెయ్యని వైద్యం లేదు. నూనెలు రాయించాం, పొడులు మింగాను, ఎవరో బాబా దగ్గరికి తీసుకుపోతే మంత్రించి మొలకు దారం కట్టాడు. పుట్టినప్పటి నుంచీ నూలులో బతికినవాడికి మూరెడు నూలుపోగు కట్టి దక్షిణ పుచ్చుకున్న ఘనుడు. కాబట్టి నా భార్య గోదాములో ఎవరో చెప్పగా విని సూదుల వైద్యం మాట ఎత్తినప్పుడు నేను చేతులు జోడించి దండం పెట్టాను. కాళ్లకు కాదు, కడుపుకేనట అని ఆమె అన్నాక ఒప్పుకున్నాను.

ధామన్‌కర్ నాకా కూడలి దగ్గర ఒక మందుల దుకాణం వెనక గది. కల్యాణ్ నుంచి ఒక పెద్దావిడ వారానికి రెండుసార్లు వచ్చి అక్కడ కూర్చునేది. మరాఠీ కలిసిన హిందీ మాట్లాడేది. మేం తాయి అని పిలిచేవాళ్లం, ఇక్కడ అక్కను అలాగే అంటారు. ఆటోలోంచి నన్ను దించి కుర్చీలోకి మార్చి లోపలికి తేవడానికే మాకు తలప్రాణం తోకకు వచ్చింది. ఆవిడ నా కాళ్లను చూడనే లేదు.

"నరం అతుక్కోదు. ఆశ పెట్టుకుని వచ్చి ఉంటే ఇప్పుడే వెళ్లిపోండి," అని మొదలుపెట్టింది. "పేగుల సంగతి చెప్పండి. రోజుకెన్నిసార్లు, ఎలా ఉంటుంది, ఎంతసేపు పడుతుంది, మధ్యలో ఎన్నిసార్లు జారుతుంది?"

ఇన్నేళ్లకు ఒక మనిషి అడిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. చివరికి ఏ వేళకు చేస్తారని అడిగితే నా భార్య జవాబిచ్చింది, ఈ వారం పొద్దున, వచ్చే వారం సాయంత్రం అని. ఆవిడకు అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. నా భార్య పాళీ సంగతి, చాయ్ సంగతి వివరంగా చెప్పింది, రోజూ డ్యూటీ దిగగానే, ఒక్కరోజు కూడా తప్పలేదని కొంచెం గర్వంగానే చెప్పింది.

ఆవిడ చేతిలోని సూదిని పళ్లెంలో పెట్టేసింది. "ఈయన ఇంట్లోనే ఉంటారు గదా. ఈయన పేగు కూడా పాళీ చేస్తోందా?"

మా ఇళ్లల్లో ఆకలికి, నిద్రకు, కడుపుకు అన్నింటికీ వారానికోసారి పాళీ మారుతుంది. మా నాన్న రాత్రి పాళీ దిగి పొద్దు పొడిచే వేళకు అన్నంలో పులుసు పోసుకుని తినేవాడు, నేనూ అంతే. బస్తీలో సగంమంది చూర్ణం మింగనిదే బయటికి వెళ్లలేరు. డ్యూటీ దిగడమే మాకు పొద్దు పొడవడం, అది ఏ వేళకు దిగితే ఆ వేళకు. అలాంటి ఇంట్లో నా పేగు ఒక్కటే గడియారం చూసుకుని నడవాలని మాకెలా తోస్తుంది? పైగా నాకు పాళీయే లేదు. పని పోయి అన్నేళ్లయినా నా కడుపు మాత్రం వారం వారం డ్యూటీ మారుతూనే ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నేను సూది గుచ్చి దాన్ని లేపుతాను," అంది ఆవిడ. "మీరు ఒక వారం ఒక వేళకు, ఇంకో వారం ఇంకో వేళకు లేపుతుంటే అది ఎవరి మాట వినాలి? ముందు ఒక వేళ పెట్టుకోండి. ఏదైనా సరే. ఒకటే."

అయినా ఆ రోజే సూదులు గుచ్చింది. బొడ్డుకు అటూ ఇటూ, ముంజేతులకు, మోకాళ్ల కింద. బొడ్డు పక్కన సూది తెలిసింది, మొద్దు నొప్పిలా లోపలికి దిగింది. ముంజేతిలో బరువుగా లాగింది. మోకాళ్ల కింద మాత్రం ఎవరి కాళ్లకో గుచ్చుతుంటే చూస్తున్నట్టు ఉంది. తర్వాత సూదులకు సన్నటి తీగలు తగిలించింది. అరచేతిలో పట్టేంత డబ్బా మీటితే కొద్దిగా కరెంటు వస్తుంది. కరెంటు రాగానే నా కుడిపాదం టక్కు టక్కున ఎగిరింది. నేను నా భార్య చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా ముఖం చూసి డబ్బా ఆపేసింది. పాదం ఆగిపోయింది. "అది కరెంటు," అని మెల్లగా చెప్పి మళ్లీ మీటింది. నేను పాదం వైపు చూడకుండా పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాను.

ఆ వారం చివర నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, చాయ్ పొయ్యి మీద పెడుతూ చెప్పింది. "పర్మినెంట్ రాత్రి డ్యూటీ రాయించుకున్న."

పగటి డ్యూటీ పర్మినెంట్‌గా అడిగితే సూపర్‌వైజర్ నవ్వాడట, అందరికీ అదే కావాలి కదా. రాత్రి డ్యూటీ అనగానే మారుమాట లేకుండా ఇచ్చాడట.

"నన్ను ఒక్కమాట అడగవా?" అన్నాను.

"అడిగితె వద్దంటవ్. వద్దంటె మల్ల గదే లొల్లి. ఇగ రోజూ పొద్దుగాల వస్త, నీ పని జేస్త, పండుకుంట. అయిపాయె."

అలా నా కడుపుకు ఒక వేళ దొరికింది. పొద్దున ఆమె వస్తుంది, చాయ్, గోరువెచ్చని నీళ్లు, పొట్ట మీద కుడి నుంచి ఎడమకు మర్దనా, తర్వాత అసలు పని. వారానికి రెండుసార్లు తాయి దగ్గరికి. మొదట్లో తేడా ఏమీ కనపడలేదు. మెల్లమెల్లగా, గంటలకొద్దీ పట్టే పని కొద్దిసేపట్లో అయిపోవడం మొదలైంది. పొట్ట ఉబ్బరం తగ్గింది. మధ్యలో జారడం తగ్గింది, ఆ తర్వాత చాలా రోజులు లేనే లేదు. సూదుల వల్లనా, వేళ వల్లనా అని తాయినే అడిగాను. "నాకూ తెలియదు," అంది. "రెండూ మానకండి." ఇంత నిజం చెప్పిన వైద్యులు నాకు తక్కువ.

సేటుకు నేనే కబురు పంపాను. నా కుర్చీని సాంచ వెనకకు తోశారు. కింద ప్లాస్టిక్ గుడ్డ, ఒళ్లో తువ్వాలు. పొద్దున కూర్చున్నాను. భోజనాల వేళ దాటింది. ప్రతి పది పోగులకు ఒకసారి గాలి పీల్చి వాసన చూసుకున్నాను. నూనె, గంజి, బీడీ పొగ తప్ప ఏమీ లేవు. ఆఖరి మెలిక వేసి చెయ్యి ఎత్తితే మిస్త్రీ హ్యాండిల్ లాగాడు. అతుకులన్నీ ఒకటి కూడా తెగకుండా ముందుకు దాటుకుని, కొత్త బట్ట మొదలైంది. సాంచ నడుపుతున్నవాడు నా భుజం మీద చెయ్యి వేసి, అలాగే కాసేపు ఉంచాడు. ఎవరో చాయ్ తెచ్చారు. ఆ గ్లాసు చాయ్‌లో ఎంత తీపి ఉందో ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

ఇంటికొచ్చి చెబుదామంటే నా భార్య పడుకుని ఉంది. లేపలేదు. అప్పుడే మొదటిసారి ఆమెను పరీక్షగా చూశాను. కళ్ల కింద నల్లగా, బుగ్గలు లోపలికి పోయి. నిద్రలో కూడా నుదురు ముడిపడి ఉంది.

భివండిలో పగటి నిద్ర మాటలు కాదు. మా గది వెనక గోడ, కార్ఖానా గోడ ఒకటే. లోపల అన్ని సాంచల మోత ఉంటుంది, దానికి మేం పుట్టినప్పుడే అలవాటు పడ్డాం. కానీ గోడను ఆనుకుని ఉన్న సాంచ వేరు. అది నడుస్తుంటే గోడే అదురుతుంది, గూట్లో గిన్నెలు గలగలమంటాయి, మంచం కోళ్లు వణుకుతాయి. రాత్రి పాళీ ఒక వారం ఉంటే, వచ్చే వారం తీర్చుకోవచ్చని ఒళ్లు ఓర్చుకుంటుంది. ఆమెకు ఆ వచ్చే వారం లేకుండా పోయింది. తిన్నది అరిగేది కాదు. పుల్లటి తేన్పులు, మంట, నాలుగేసి రోజులు బయటికి పోకపోవడం. నా కడుపుకు వచ్చిన రోగాలన్నీ ఒక్కొక్కటే నన్ను వదిలి ఆమె దగ్గరికి పోతున్నట్టు అనిపించింది. అడిగితే గ్యాస్ అనేది. దుకాణంలో గోలీ కొనుక్కుని మింగేది.

ఒకరోజు తాయి నాకు సూదులు గుచ్చి, తీగలు తగిలించి, వెనక్కి తిరిగింది. నా భార్య బల్ల మీద గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆవిడ కాసేపు చూసి, దగ్గరికి వెళ్లి మణికట్టు పట్టుకుని నాడి చూసింది. నా భార్య ఉలిక్కిపడి లేచింది. ఆవిడ నన్ను అడిగిన ప్రశ్నలే ఆమెనూ అడిగింది. ఎప్పుడు తింటావు, ఎప్పుడు పడుకుంటావు, కడుపు ఎన్ని రోజులకు కదులుతుంది.

"నాదేముంది తాయీ," అని ఆమె హిందీలో నవ్వింది. "నాకు నరం మంచిగానే ఉంది కదా."

తాయి నవ్వలేదు. రాత్రి పడుకోకపోతే సూది కూడా ఏమీ చేయలేదని ఆమెకు చెప్పింది, చెబుతూ నా వైపు చూసింది. నా బొడ్డుకు రెండు పక్కలా సూదులున్నాయి, నేను అటు ఇటు తిరగలేను. ఎటూ చూడలేక కళ్లు మూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటో నాకా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. నేను పొద్దుటి నుంచి నోటి దాకా వచ్చి ఆగుతున్న మాట చెప్పేశాను.

"బీముల పని ఇడిసిపెడ్త. నువ్వు మల్ల పాళీ మార్పిచ్చుకో. నా కడుపు ఎట్లుంటె గట్లుండనీ, ఇంట్లనే ఉంట గద."

ముందున్న లారీ కదిలాక ఆమె నా వైపు తిరిగింది.

"ఇడిసిపెట్టి ఏం జేస్తవ్? మల్ల గోడ దిక్కు తిరిగి పండుకుంటవా?"

నేను ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాను.

"నువ్వు గట్ల పండుకున్న ఏడాది ఎట్ల ఎల్లదీసిన్నో నాకు ఎరుక. డ్యూటీకి పోయినంక రోజూ ఒక్కటే బుగులు, ఇంటికొచ్చేసరికి ఉంటవో, ఏమన్న జేసుకుంటవో అని. తలుపు తీసి నువ్వు ఊపిరి తీస్తున్నవని చూసినంకనే చెప్పులు ఇడిసేదాన్ని. గప్పుడు కూడ నాకు నిద్ర లేకుండె. ఇప్పుడు రాత్రి నిద్ర లేదు, గంతే. బుగులు లేదు."

ఆ సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు. ఆమె అనుకున్నదాంట్లో అబద్ధం లేదు, ఆ ఏడాది నేను గోడవైపు చూస్తూ ఆలోచించినవి అవే.

"పని ఇడిసిపెడితె మాత్రం నేను ఊకోను," అంది. "గిన్ని రాత్రులు నేను ఎందుకు మేలుకున్నట్టు?"

ఇంక నేను మానడానికి కూడా వీల్లేదని ఆటోలోనే అర్థమైంది. నా కోసం కూర్చున్న కుర్చీలోంచి ఆమె కోసం లేవకూడదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు గోడ పక్కనున్న సాంచ మీద బీము అయిపోయింది. పొద్దున ఆమె ఎప్పటిలాగే వచ్చింది, చాయ్ పెట్టింది, గ్లవుజు తొడుక్కుంది. నా పని వేళకు అయింది, శుభ్రంగా అయింది. చేతులు సబ్బుతో కడుక్కుని, అన్నం వద్దని, కడుపులో మంటగా ఉందని చెప్పి, గోడ పక్కన చాప వేసుకుని పడుకుంది. నన్ను తీసుకుపోవడానికి మిస్త్రీ వచ్చాడు.

నా కుర్చీని ఆ గోడకు ఆనించి పెట్టారు. నా వీపుకు, నిద్రపోతున్న ఆమెకు మధ్య ఒక్క ఇటుక వరస. ఆ సాంచ ఆగి ఉంది కాబట్టి గోడ కదలడం లేదు. చెయ్యి వెనక్కి పెట్టి చూశాను, ఊరికే ఉంది. గిన్నెలు గలగలలాడకుండా, చాప వణకకుండా ఆమె ఎన్నాళ్లకు పడుకుందో అనుకున్నాను. వేళ్లకు బూడిద అద్దుకుని మొదలుపెట్టాను. నా చేతులు ఇప్పుడు బాగా వేగం అందుకున్నాయి, పోగు తర్వాత పోగు వాటంతటవే వచ్చి కలుస్తాయి. నేను ఎంత తొందరగా అతికితే సాంచ అంత తొందరగా నడుస్తుంది. సేటు నన్ను మెచ్చుకునేది అందుకే.

మధ్యాహ్నానికి ఇంకో గుప్పెడు పోగులు మిగిలాయి. ఒక పోగు తీశాను. బూడిద అద్దాను. మెలిక వేసి, లాగి చూసి, మళ్లీ విప్పి, మళ్లీ వేశాను.

సేటు వచ్చి వంగి చూశాడు. "అయినట్టేనా అల్లుడా? ఇయ్యాల గింత సేపు పట్టింది?"

"ఇంకిన్ని ఉన్నయ్ మామా," అన్నాను.

అతను నా ముఖం చూసి, కడుపు సంగతి అనుకున్నాడు కాబోలు, వెళ్లిపోయాడు. నేను ఇంకో పోగు తీశాను. వీలైనంత మెల్లగా అతికాను. కానీ పోగులు ఎన్ని ఉంటే అన్నే. ఆఖరిది కూడా అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మిస్త్రీ వచ్చి హ్యాండిల్ లాగాడు.